బాదం తోటల్లో భవంతులు: మునిగిందెవరు, మిగిలిందెవరికి?

2008 జనవరి 9న స్పెయిన్ దేశంలో వేరా అనే ఊరి దగ్గర ఒక ఇంటిని యంత్రాలు పెట్టి నేలమట్టం చేశారు. ఆ ఇల్లు బ్రిటన్ నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలి దంపతులది. ఉద్యోగ విరమణ తర్వాత ఎండ కాసే చోట నాలుగు రోజులు బతుకుదామని కట్టుకున్నారు. దొంగచాటుగా కట్టలేదు. ఊరి మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నారు, అనుమతి కాగితం తీసుకున్నారు, ఆ తర్వాతే కట్టారు. అది వ్యవసాయ భూమి, దాంట్లో ఇంటికి మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతే చెల్లదని రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఇల్లు కూలింది. అనుమతి ఇచ్చిన మునిసిపాలిటీ భవనం మాత్రం చెక్కు చెదరలేదు. ఆ దంపతులు కూల్చగా మిగిలిన గ్యారేజీలో ఏళ్ల తరబడి కాపురం చేశారు.

ఎక్కడో స్పెయిన్‌లో, ఎవరో తెల్లవాళ్ల ఇల్లు కూలితే మన రైతులకూ కూలీలకూ ఏమిటట అని అడగవచ్చు. ఆ ఇల్లు లేచింది పంట భూమి మీద. ఆ భూమిని ప్లాట్లుగా కోసిన పద్ధతీ, ముద్ర వేసిన చేయీ, డబ్బు నడిపిన బ్యాంకూ మనకు కొత్త కాదు. పేర్లు వేరు, ఆట ఒకటే. పైగా ఆ ఆటలో కొనుగోలుదారులు కొందరు కలబడి నెగ్గారు కూడా. ఎలా నెగ్గారన్నది మనం తెలుసుకోదగిన సంగతి.

మెట్ట చేను ప్లాటుగా మారిన వైనం

వేరా ఉన్నది అల్మేరియా ప్రాంతంలో. మన లెక్కన ఆండలూసియా ఒక రాష్ట్రమైతే అల్మేరియా అందులో ఒక జిల్లా. మన అనంతపురం కంటే కూడా వాన తక్కువ పడే చోటు. అక్కడి అల్మన్సోరా లోయలో రైతులు తరతరాలుగా బాదం, ఆలివ్ చెట్లు పెంచుకుని బతికారు. పిల్లలు పట్నాలకు పోయారు, ముసలివాళ్లు మిగిలారు, మెట్ట సేద్యం గిట్టుబాటు కాలేదు. సరిగ్గా అప్పుడు దళారీ దిగాడు.

చట్టం ప్రకారం అది ‘గ్రామీణ భూమి’. దాన్ని చిన్న ముక్కలుగా కోసి ఇళ్ల స్థలాలుగా అమ్మకూడదు. కానీ దళారులు రైతు దగ్గర చేను ధరకు కొన్నారు, బ్రిటన్ నుంచి వచ్చే పింఛనుదారులకు ఇంటి స్థలం ధరకు అమ్మారు. ఆ రెండు ధరల మధ్య తేడాలోనే మొత్తం వ్యాపారం ఉంది. రైతు చేను మారలేదు, మట్టి మారలేదు, వాన పెరగలేదు. మారింది కాగితం మీద ఒక మాట. ఆ మాట మార్చగలిగిన వాడికే లాభమంతా పోయింది.

కొనేవాళ్లను తెచ్చే పద్ధతి కూడా వినండి. చౌక విమాన టిక్కెట్టు, రెండు రోజుల హోటలు బస, కారులో తిప్పి చూపించడం, ఆదివారం విమానం ఎక్కేలోగా సంతకం. భాష రాని మనిషికి లాయరును కూడా అమ్మేవాడే కుదిర్చి పెట్టేవాడు. నోటరీ ముందు దస్తావేజు అవుతుంది, రిజిస్టరు కూడా అవుతుంది. ఇక భయమేముందని కొన్నవాళ్లు అనుకున్నారు. కానీ ఆ దస్తావేజు చెప్పేది ఎవరు ఎవరికి అమ్మారన్నదే. అక్కడ ఇల్లు కట్టవచ్చా లేదా అన్నది అది తేల్చదు. మన దగ్గర కూడా రిజిస్ట్రేషన్ అయితే చాలు భూమి మనదే అనుకుని మునిగినవాళ్లు లేని మండలం ఉందా?

అల్మన్సోరా లోయ పది ఊళ్లలో ఇలాంటి ఇళ్లు పన్నెండు వేలకు పైగా ఉన్నాయని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క తేల్చింది. చాలా ఇళ్లకు నివాసయోగ్యతా పత్రం రాలేదు. ఆ పత్రం లేనిదే కరెంటు కంపెనీ పక్కా కనెక్షన్ ఇవ్వదు, నీళ్ల గొట్టం రాదు. ఇల్లు కట్టేటప్పుడు తాపీ పనికి వాడుకునే తాత్కాలిక కరెంటుతోనే డెబ్బై ఏళ్ల ముసలివాళ్లు ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చారు. నీళ్లు ట్యాంకర్లలో తెప్పించుకున్నారు. అమ్మిన కంపెనీల్లో చాలా భాగం అప్పటికే దివాలా తీసి బోర్డు తిప్పేశాయి.

భూమి లేనివాడికి భూమి మీద పెత్తనం

అల్మేరియాలో చట్టాన్ని తప్పించి దోచారు. వాలెన్సియా రాష్ట్రంలో చట్టమే చేసి దోచారు.

1994లో అక్కడ పట్టణాభివృద్ధి చట్టం ఒకటి వచ్చింది. భూస్వాములు స్థలాలు బిగబట్టి ధరలు పెంచుతున్నారు, దాన్ని విరగ్గొట్టి సామాన్యుడికి ఇళ్లు అందుబాటులోకి తేవాలి అన్నది పైకి చెప్పిన ఉద్దేశం. వినడానికి బాగానే ఉంది. కానీ అందులో ‘అభివృద్ధికారుడు’ అనే ఒక కొత్త మనిషిని పుట్టించారు. వాడికి ఆ చోట సెంటు భూమి కూడా ఉండక్కర్లేదు. ఒక నకశా గీసి మునిసిపాలిటీకి ఇస్తాడు. మునిసిపాలిటీ ఒప్పుకుంటే ఆ నకశాలో పడ్డ భూములన్నీ వాడి పథకం కిందికి వస్తాయి. భూమి గలవాళ్లు రోడ్లకూ పార్కులకూ కొంత భూమి వదులుకోవాలి. అంతటితో అయిపోలేదు. రోడ్లు, మురుగు కాలవలు, వీధి దీపాల ఖర్చులో తమ వాటా కూడా కట్టాలి. డబ్బు లేదంటే ఇంకొంత భూమి ఇవ్వాలి. ఆ ఖర్చు లెక్క కట్టేది ఆ అభివృద్ధికారుడే!

నారింజ తోట ఉన్న చిన్న రైతు, పదేళ్ల కిందట ఇల్లు కొనుక్కున్న జర్మనీ పింఛనుదారు, ఇద్దరూ ఒకే నోటీసు అందుకున్నారు. ‘మాకు రోడ్డు అక్కర్లేదు బాబూ, ఉన్నదాంతో సుఖంగా ఉన్నాం’ అన్నా వినేవాడు లేడు. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చిన గడువు వారాల్లోనే. సొంత దేశం పోయి వచ్చేసరికి గడువు దాటిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

వేల మంది యూరప్ పార్లమెంటుకు ఫిర్యాదులు పంపారు. సభ్యుల బృందాలు వచ్చి ఊరూరూ తిరిగి విన్నాయి. 2005 చివర్లో ఆ చట్టం తీసేసి ఇంకొకటి తెచ్చారు, మూలం అలాగే ఉంచారు. 2009 మార్చి 26న డెన్మార్క్ సభ్యురాలు మార్గరెతె ఔకెన్ తయారు చేసిన నివేదికను యూరప్ పార్లమెంటు ఆమోదించింది. స్పెయిన్ తీరంలో జరుగుతున్నది ప్రజల ఆస్తి హక్కు మీదా, పర్యావరణం మీదా దాడి అని అది తప్పు పట్టింది. కానీ పార్లమెంటు తీర్మానానికి ఇల్లు నిలబెట్టే శక్తి లేదు. అప్పటికే ఆర్థిక సంక్షోభం వచ్చి కంపెనీలు వాటంతటవే కూలుతున్నాయి.

ముద్ర వేసిన చేయి

ఇదంతా దళారీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. 1998లో స్పెయిన్ కేంద్ర ప్రభుత్వం భూ చట్టం మార్చింది. ప్రత్యేకంగా రక్షించిన భూమి తప్ప మిగతాదంతా కట్టడాలకు పనికొచ్చేదే అన్నట్టు తలుపులు తెరిచింది. దాంతో ప్రతి మునిసిపాలిటీకీ భూమి వినియోగం మార్చే అధికారమే ఆదాయ మార్గమైంది. ఊరికి ఫీజులు, పెద్దలకు కవర్లు.

మార్బెల్లా పట్టణం దీనికి పేరు మోసింది. 1991 నుంచి 2002 దాకా అక్కడ మేయరుగా ఉన్న హేసుస్ హిల్ స్వయంగా రియల్ ఎస్టేట్ వ్యాపారి. అంటే అనుమతి అడిగేదీ, ఇచ్చేదీ ఒకే వర్గం. 2006లో పోలీసులు పెద్ద ఎత్తున దాడులు చేసి మేయరునూ, పట్టణ నిర్మాణ సలహాదారు హువాన్ ఆంతోనియో రోకానూ, మరెందరినో అరెస్టు చేశారు. మునిసిపల్ పాలకవర్గాన్నే కేంద్రం రద్దు చేయాల్సి వచ్చింది. 2013లో రోకాకు 11 ఏళ్ల శిక్ష పడింది. మరి అక్రమ అనుమతులతో లేచిన వేలాది ఇళ్ల సంగతి? వాటిలో ఎక్కువ భాగాన్ని క్రమబద్ధం చేస్తూ 2010లో కొత్త పట్టణ ప్రణాళిక తెచ్చారు. 2015లో సుప్రీంకోర్టు ఆ ప్రణాళికనే కొట్టేసింది. దొంగకు శిక్ష పడింది, కొన్నవాడికి మాత్రం నిద్ర పట్టలేదు.

కట్టని ఇంటికి కట్టిన డబ్బు

ఇప్పుడు బ్యాంకు దగ్గరికి వద్దాం. అసలు కీలు అక్కడుంది.

నకశా చూపి, ఇల్లు కట్టకముందే అడ్వాన్సులు వసూలు చేయడం స్పెయిన్‌లో పాత జబ్బు. 1960లలోనే ఎంతోమంది మునిగారు. గగ్గోలు పుట్టడంతో ఫ్రాంకో నియంతృత్వం కూడా దిగివచ్చి 1968 జూలైలో 57వ నంబరు చట్టం చేసింది. అందులో మూడు మాటలు ముఖ్యం. ఒకటి, కొనేవాళ్లు ముందుగా కట్టిన డబ్బుకు బిల్డరు బ్యాంకు గ్యారంటీగానీ, బీమాగానీ ఇవ్వాలి. రెండు, ఆ డబ్బు విడి ఖాతాలో వేసి ఆ ఇళ్ల నిర్మాణానికే వాడాలి. మూడు, గ్యారంటీ ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆ ఖాతా తెరిచే బ్యాంకుదే. ఇల్లు రాకపోతే కొన్నవాడి డబ్బు వడ్డీతో తిరిగి రావాలి.

ఇంత చక్కటి చట్టం నలభై ఏళ్లు పుస్తకంలోనే నిద్రపోయింది. ఇళ్ల జోరు నడిచిన కాలంలో గ్యారంటీ కాగితం అడిగిన కొనుగోలుదారు అరుదు, ఇచ్చిన బిల్డరు ఇంకా అరుదు. 2006 ఒక్క ఏడాదే స్పెయిన్‌లో ఏడున్నర లక్షలకు పైగా ఇళ్లకు పునాదులు పడ్డాయి. ఎవరి డబ్బు ఏ గుంటలో పడిందో చూసే తీరిక ఎవరికీ లేదు. 2008లో గాలి బుడగ పగిలింది. పునాదుల మీద గడ్డి మొలిచింది.

అల్బాసెతె జిల్లాలో హెల్లీన్ దగ్గర ‘ఫింకా పార్క్స్’ అనే పథకం అలాంటిదే. బ్రిటన్, ఐర్లాండ్ వాళ్లు చాలామంది అడ్వాన్సులు కట్టారు. ఇళ్లు రాలేదు. బిల్డరు మీద దావా వేస్తే వచ్చేదేమీ లేదు, ఖాళీ జేబు మీద డిక్రీ ఎందుకు? అప్పుడు కొందరు కొనుగోలుదారులు ఒక సంఘంగా ఏర్పడి ఆ పాత చట్టం దుమ్ము దులిపారు. మా డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడిందో ఆ బ్యాంకే జవాబు చెప్పాలి అన్నారు. ఆ బ్యాంకు అలికాంతే కేంద్రంగా నడిచిన పెద్ద పొదుపు బ్యాంకు ‘కామ్’. కింది కోర్టులో గెలిచారు, జిల్లా కోర్టులో గెలిచారు, 2015లో సుప్రీంకోర్టులోనూ గెలిచారు. అదే ఏడాది డిసెంబరు 21న సుప్రీంకోర్టు మరో కేసులో సూత్రం ఖాయం చేసింది: గ్యారంటీ అడక్కుండా, విడి ఖాతా తెరవకుండా కొనుగోలుదారుల డబ్బు పుచ్చుకున్న బ్యాంకు ఆ డబ్బంతటికీ బాధ్యురాలు. దాంతో వేలమందికి దారి దొరికింది.

ఇక్కడ పాలక వర్గం చేసిన పని కూడా చూడండి. కోర్టు ఈ తీర్పు చెప్పిన పదకొండు రోజులకు, 2016 జనవరి 1 నుంచి ఆ 1968 చట్టమే రద్దయి దాని స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. పాత కేసులకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. కానీ దావా వేసే గడువును కూడా 15 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు కుదించారు. ఆ లెక్కన పాత కేసుల్లో చాలావాటికి 2020తో తలుపు మూతపడింది.

ఇంతకీ ఆ ‘కామ్’ బ్యాంకు ఏమైంది? 2011లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కోట్లాది ప్రజాధనం పోసి నిలబెట్టి, మరో బ్యాంకుకు ఒక్క యూరోకు అమ్మింది. 2012లో స్పెయిన్ బ్యాంకుల కోసం యూరప్ నిధుల నుంచి సుమారు 4,100 కోట్ల యూరోలు తెచ్చారు. బ్యాంకు మునిగితే ఖజానా ఒడ్డున పడేస్తుంది. ఇల్లు కొన్నవాడు మునిగితే కోర్టు మెట్లు ఎక్కాలి. అదీ తేడా.

ఈ గొడవలో కనపడనివాళ్లు

కొన్నవాళ్ల కథ పత్రికల్లో వచ్చింది. కట్టినవాళ్ల కథ ఎవరు రాశారు?

2007 నాటికి స్పెయిన్‌లో ఇళ్ల నిర్మాణం, రోడ్ల పనుల్లో సుమారు 27 లక్షల మంది బతికేవారు. 2014 నాటికి పది లక్షల లోపుకు పడిపోయారు. ఆలివ్ తోటల్లో కూలి వదిలి తాపీ పనికి పోయిన కుర్రాళ్లు మళ్లీ తోట బాట పట్టారు. 2008 చివర్లో హాయెన్ జిల్లాలో ఆలివ్ కోతలకు ఎప్పటిలాగే వచ్చిన ఆఫ్రికా వలస కూలీలకు పని దొరకలేదు. స్థానిక నిరుద్యోగులే కోతలకు దిగారు. వేలమంది చలిలో వీధుల్లో పడి ఉన్నారు. కూలీ మీదికి కూలీని తోలేది ఎవరు? మేడలు కట్టి చేతులు దులుపుకున్నవాడే.

అదే అల్మేరియాలో 75,000 ఎకరాల పైచిలుకు ప్లాస్టిక్ పందిళ్ల కింద టమాటా, మిరప పండిస్తున్నారు. యూరప్ అంతా ఆ కూరలే తింటుంది. ఆ పందిళ్లలో ఒళ్లు హూనం చేసుకునేది ఎక్కువగా మొరాకో, పశ్చిమ ఆఫ్రికా వలస కూలీలు. చాలామంది ఉండేది చెక్కలూ, పాత ప్లాస్టిక్కూ కప్పిన గుడిసెల్లో. 2023 జనవరిలో అక్కడి నీహర్ మునిసిపాలిటీ ‘ఎల్ వలీలీ’ అనే కూలీల గుడిసెల పేటను బుల్డోజర్లతో తుడిచేసింది. వేరాలో కూలిన ఒక్క ఇంటి గురించి బ్రిటన్ పత్రికలన్నీ రాశాయి. ఎల్ వలీలీ గురించి రాసిన పత్రికలు ఎన్ని? ముసలి దంపతుల కన్నీరు తక్కువదని నేననడం లేదు. రెండు కన్నీళ్లూ ఒకే భూమి మీద పడ్డాయి. ఒకటి కనపడి ఇంకొకటి కనపడకపోతే ఆ చూపులోనే వర్గం ఉంది.

కలిసినవాళ్లే నిలిచారు

అల్మన్సోరా లోయలో ఇళ్ల బాధితులు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ లోయలో నిర్మాణ దుర్మార్గాలు వద్దు అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. జెండాలు మోసిన అలవాటు లేని పింఛనుదారులు వీధుల్లో నడిచారు, అసెంబ్లీల ముందు నిలబడ్డారు. వాళ్లు కోరింది సబబైన కోరిక: కూల్చదలచుకుంటే ముందు నష్టపరిహారానికి హామీ చూపించండి, ఆ తర్వాతే కూల్చండి. 2015లో స్పెయిన్ పార్లమెంటు చట్టాలు సవరించి, మంచి నమ్మకంతో కొన్నవాళ్ల విషయంలో ఆ సూత్రాన్ని చేర్చింది. 2019లో ఆండలూసియా ప్రభుత్వం అలాంటి ఇళ్లకు కరెంటు, నీళ్లు అందేలా ఒక ఉత్తర్వు తెచ్చింది. పూర్తి న్యాయం కాదు, నిజమే. కానీ ఒక్కొక్కరుగా లాయర్ల చుట్టూ తిరిగినన్నాళ్లూ రానిది ఒక్కటయ్యాక వచ్చింది.

ఇదే ఆండలూసియాలో ఇంకో దారి కూడా ఉంది. మారినలేడా అనే ఊరి వ్యవసాయ కూలీలు ఏళ్ల తరబడి ఒక ప్రభువు ఎస్టేటును ఆక్రమించారు. ఖాళీ చేయిస్తే మళ్లీ వచ్చి కూర్చున్నారు. చివరికి 1991లో ప్రభుత్వం సుమారు 3,000 ఎకరాలు వాళ్ల సహకార సంఘానికి ఇవ్వక తప్పలేదు. ఆ ఊళ్లో ఇంటి స్థలం మునిసిపాలిటీది, సామాను ప్రభుత్వ సాయం, శ్రమ ఇంటివాళ్లది. నెలకు సుమారు 15 యూరోలు కట్టుకుంటారు. ఇల్లు వాళ్లదే గానీ లాభానికి అమ్ముకోకూడదు. అమ్ముకోవడానికి వీల్లేని చోట దళారీకి పనేముంది? దేశమంతా ఇళ్ల బుడగ పగిలినా ఆ ఊళ్లో పగలడానికి బుడగే లేదు.

మన సంగతి

మన దగ్గర 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం వచ్చింది. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో వేయాలంది. నమోదు కాని వెంచరుకు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు అంది. స్పెయిన్ 1968లో చెప్పిన మాటనే మనం దాదాపు యాభై ఏళ్లకు చెప్పాం. కానీ హైదరాబాదు చుట్టూ ‘ప్రీ లాంచ్’ పేరుతో నమోదుకు ముందే వసూళ్లు ఆగాయా? చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, దాన్ని బయటికి లాగే జనం కావాలి.

భూమి ఇచ్చి ప్లాట్లు తీసుకునే పద్ధతీ మనం ఎరగనిది కాదు. అమరావతిలో 2015 నుంచి 33,000 ఎకరాలకు పైగా భూసమీకరణ కింద తీసుకున్నారు. 2019లో రాజధాని విధానం తిరగబడేసరికి రైతులు ఏళ్ల తరబడి రోడ్డెక్కాల్సి వచ్చింది. ఆ పొలాల్లో కూలి చేసుకుని బతికినవాళ్లకు మొదట్లో దక్కింది నెలకు 2,500 రూపాయల పింఛను. ప్లాటు కాగితంలో వాళ్ల పేరు ఎక్కడా లేదు.

అందుకే ఊళ్లో వెంచరు బోర్డు లేచినప్పుడు రైతు సంఘం, కూలి సంఘం కలిసి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ భూమిని వ్యవసాయేతరంగా మార్చిన ఉత్తర్వు ఏది, దాని మీద సంతకం ఎవరిది? చేను ధరకూ ప్లాటు ధరకూ మధ్య తేడా ఎవరి జేబులోకి పోతోంది? కొన్నవాళ్ల డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడుతోంది? ఆ పొలంలో నాట్లు వేసి కలుపు తీసిన చేతులకు రేపటి పని ఏది?

ప్లాటు కొన్న గుమాస్తాను, చేను అమ్ముకున్న రైతును, పని పోయిన కూలీని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం పై వాళ్లకు సులువు. అల్మేరియా నేల చెప్పేది మరొకటి: ఆ ముగ్గురూ ఒకే చేతిలో మోసపోయినవాళ్లు. ఆ సంగతి ముగ్గురూ ఒకే చోట కూర్చుని గుర్తించిన రోజున, ముద్ర వేసే చేయి కొంచెం వణుకుతుంది.